పేలికలు విప్పిన చేతులు

బంగారుపాళ్యం,
15-7-2025, మంగళవారం.

చిరంజీవి మణికి,

ప్రసన్నక్క దీవించి రాస్తున్నది. ఇక్కడ నేను, మీ బావ ఆరోగ్యంగానే ఉన్నాము. అక్కడ నువ్వు, మహిత, పాప చల్లగా ఉండాలని రోజూ దీపం పెట్టేటప్పుడు అనుకుంటున్నాను. అందరమూ క్షేమమని మాత్రం రాయలేను. మా ఫ్యాక్టరీలో పనిచేసే ఎస్తేరు క్షేమంగా లేదు.

నీ ఉత్తరం శనివారం చేరింది. నువ్వు పూణే వెళ్లినప్పటి నుంచీ అన్నీ ఫోన్లోనే కదా. కవరు మీద నీ చేతిరాత చూసి ముందు సంతోషపడ్డాను. "ఫోన్లో మాట్లాడినవన్నీ నిలిచిపోతాయంట, ఈ విషయాలు ఫోన్లో వద్దని మా వకీలు చెప్పినాడు" అని లోపల చదివాక ఆ సంతోషం పోయింది. అక్కాతమ్ముళ్లు మాట్లాడుకోవడానికి వకీలును అడగాల్సి వచ్చింది. సరే, నువ్వు కోరినట్టే కాగితం మీద రాస్తున్నాను. కాగితం కూడా నిలుస్తుంది మణీ.

నాలుగు ప్రశ్నలు అడిగావు. వాటికి అంకెలు కూడా వేశావు. ఎస్తేరు చేయి ఎలా ఉందన్నది నాలుగోది. నేను దాని నుంచే మొదలుపెడతాను.

కుడిచేతి చూపుడువేలు, నడిమివేలు మొదలంటా పోయాయి. ఉంగరపువేలు సగం మిగిలింది. కుట్లు విప్పారు. చీము పట్టలేదు, అది దేవుడి దయ. బొటనవేలు, చిటికెనవేలు ఆడుతున్నాయి. ఎడమచేత్తో తినడం నేర్చుకుంటోంది. పోయిన వారం నేను వెళ్లేసరికి వాళ్లాయన పాల్ ఆమెకు జడ వేస్తున్నాడు. ఆటో తోలే చేతులు. జడ వంకరగా వచ్చింది.

"ఎట్లుండాదక్కా నా మొగుడి పనితనం? ఇంకో పది దినాలు పోతే పూలు గూడా కడతాడు" అని నవ్వింది ఎస్తేరు.

"నువ్వు తల ఊపకుండా ఉంటే నేరుగానే వస్తాది" అన్నాడు పాల్. నా వైపు చూడలేదు.

నేను కాసేపు కూర్చుని, అరటిపళ్లు అక్కడ పెట్టి వచ్చేశాను.

రెండో ప్రశ్న, మీ మిషను మీది కెమెరా అద్దం రోజూ తుడిచామా అని. తుడిచాము. నువ్వు పంపిన మెత్తటి గుడ్డతో పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి నేనే తుడిచాను. ఆ రోజు కూడా తుడిచాను. అద్దం మీద మరక ఉందని మీ కంపెనీవాళ్లు రాయాలనుకుంటే వద్దని చెప్పు. మరక అద్దం మీద లేదు.

ఇక మొదటి ప్రశ్న. చేతులకు గుడ్డలు చుట్టుకోకూడదని ఆడవాళ్లకు ముందుగా చెప్పామా, ఎవరు చెప్పారు, ఏ తేదీన అని. నువ్వు ఈ ఊళ్లోనే పుట్టావు కానీ మామిడి కాలంలో గుజ్జు ఫ్యాక్టరీ లోపలికి ఒక్కసారి కూడా రాలేదు. అందుకని వివరంగా రాస్తాను.

తోతాపురి తొడిమ కోయగానే సొన చిమ్ముతుంది. పూట తిరిగేలోగా చేతులు మండి బొబ్బలెక్కుతాయి. కంపెనీ ఇచ్చే గ్లౌజులు సొనకు జారిపోతాయి, కత్తి తగిలితే చిరిగిపోతాయి. అందుకని నూనెలో పసుపు కలిపి చేతులకు పట్టించి, పాత చీర పేలికలు వేళ్లకు చుట్టుకుంటారు. రెండు రోజులకు ఆ పేలికలు మాగిన కాయ రంగుకు వస్తాయి. నేను చేరి ఇరవై రెండేళ్లు, ఇప్పుడు వాళ్లందరి మీదా మేస్త్రీని. మొదటి రోజు నుంచీ చూస్తున్నాను. ఎవరైనా తనిఖీకి వస్తున్నారంటే పేలికలు విప్పి, బుట్టల కింద దాచి, చేతులు కడుక్కుని వరసగా నిలబడతాము. వాళ్ల జీపు గేటు దాటగానే మళ్లీ చుట్టుకుంటాము. అలా చేయమని ఎవరూ చెప్పరు. అందరికీ తెలుసు.

కాబట్టి జవాబు ఇది. ఎవరూ చెప్పలేదు. ఏ తేదీనా చెప్పలేదు. గోడ మీద అంటించిన కాగితం మీద మే నెల తేదీ ఉంది కానీ, దాన్ని అంటించింది ఎస్తేరు వేళ్లు పోయిన రెండో రోజున. అదే రోజు మేనేజరు జయరావు ఇంకో కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. పేలికలు చుట్టుకోవద్దని నేను మే నెలలోనే హెచ్చరించినట్టు, ఎస్తేరు వినకుండా అజాగ్రత్తగా పనిచేసినట్టు దాంట్లో ఉంది. నేను చదువుతూ ఉండగానే నువ్వు ఫోన్ చేశావు. "అక్కా, సంతకం పెట్టు. లేకుంటే నన్ను తీసేస్తారు" అన్నావు. నాయన పోయిన రోజు కూడా నీ గొంతు అలా వినలేదు నేను.

పెట్టాను.

ఆ తర్వాత జరిగింది నీకు జయరావు చెప్పే ఉంటాడు, ఆయన చెప్పినట్టు చేస్తే మంచిదని నీ ఉత్తరంలో ఉంది కదా. ఆ మాట మీద నాకు కోపం వచ్చింది. ఎందుకో చెబుతాను. ఆడవాళ్లు నన్ను చూసి మాటలు ఆపేయడం మొదలుపెట్టారు. పాల్ ఒకరోజు గేటు దగ్గర ఆటో ఆపి, "మా ఆడమనిషికి ముందే చెప్పినారంట గదమ్మా, ఎప్పుడు చెప్పినారు, ఆ పొద్దు ఆమె పక్కన ఎవరుండారు?" అని అందరి ముందర అడిగాడు. నేను లోపలికి వెళ్లిపోయాను. మధ్యాహ్నం జయరావు నన్ను పిలిచి కూర్చోమన్నాడు. ఇరవై రెండేళ్లలో ఆ గదిలో నన్ను కూర్చోమనడం అదే మొదలు.

"ప్రసన్నమ్మా, మీరు ప్రతి చవితికీ కాణిపాకం పోతారు గదా. ఈసారి ఆడోళ్లను నలుగుర్ని ఎంట పెట్టుకుని పోండి. నేను ముందే చెప్పినాను అని స్వామి ముందర ఒక్క మాట ప్రమాణం చేసేయండి. ఆడ అబద్ధం చెప్పే ధైర్యం ఎవురికీ ఉండదని వాళ్లకు తెలుసు. గొడవ అణిగిపోతాది. బండి మనదే ఇస్తాను" అన్నాడు.

నా పూజ కూడా వాళ్లకు పనిముట్టే అయింది. దాన్ని వాడుకోమని నువ్వూ రాశావు.

నిన్న సంకటహర చవితి. వెళ్లాను. నాతో వచ్చిన నలుగురిలో రుక్మిణమ్మ ఉంది, నాకన్నా ముందు చేరిన మనిషి, నోరు ఎవరికీ దాచదు. బండిలో నా పక్కనే కూర్చుంది.

"ఏం బయపడొద్దులే ప్రసన్నా. స్వామి అబద్ధం పలికినోళ్లనే పట్టుకుంటాడంట. సంతకం పెట్టినోళ్ల జోలికి రాడు" అంది.

మిగతా ముగ్గురూ కిటికీలోంచి బయటికి చూశారు.

స్వామి ముందు నిలబడ్డాను. చేతులు జోడించాను. వెనక వాళ్లు నలుగురూ ఎదురుచూస్తున్నారు. "నేను" అన్నాను, అంతే. అర్చకుడు జరగమన్నాడు, జనం వెనక నుంచి తోశారు, బయటికి వచ్చేశాను. నా తలలో అప్పుడు ఉన్నది పేలికల గురించి చెప్పానా లేదా అన్నది కాదు. నీ మూడో ప్రశ్న. దానికి జవాబు ఎవరికీ తెలియదు అనుకుని ఇన్నాళ్లూ ఉన్నాను.

వీడియోలు సీజన్లో పని ఎలా చేస్తారో సరిగ్గా అలాగే తీశావా అక్కా అని అడిగావు. "తీసిందని నేను అందరి ముందూ చెప్పాను, మా అక్క అబద్ధం చెప్పదని చెప్పాను" అని కింద గీత గీసి రాశావు.

పోయిన నవంబరులో నువ్వు ఫోన్ చేసి గంటసేపు మాట్లాడిన రోజు నాకు బాగా గుర్తుంది. నా పని గురించి నువ్వు అడగడం అదే మొదటిసారి. "అక్కా, మీ ఫ్యాక్టరీకే కాయ కోసే మిషను చేస్తా ఉండాం. ఇంతకు ముందైతే ఇనుము పనోళ్లు చేసి కరెంటోళ్లకు ఇచ్చేది, వాళ్లు చేసి ప్రోగ్రాం రాసేవాళ్లకు ఇచ్చేది. ఒకరి తప్పు ఇంకొకరికి తెలిసేలోపల ఏడాది పోయేది. ఇప్పుడు మెకట్రానిక్స్ పద్ధతి. ముగ్గురమూ ఒకే చోట కూచుని ఒకే బొమ్మ మీద చేస్తాం. మిషను పుట్టకముందే కంప్యూటర్లో తిరుగుతాది. రెండేళ్ల పని ఏడు నెలల్లో అయిపోతాది" అన్నావు. నాకు సగం అర్థమైంది. మీ బావకు రెండింతలు చేసి చెప్పాను.

తర్వాత ఇంకోసారి చేసి, కంప్యూటర్లో లక్ష కాయలు కోసినాం, ఒక్క బొట్టు రసం కారలేదు అని నవ్వావు. మొదటి బొమ్మలో కత్తి చుట్టూ మూత ఉండేదని, మూత అచ్చు చేయించాలంటే ఆరు వారాలు పడుతుందని, అది తీసేసి కెమెరా పెడదామన్న ఆలోచన నీదేనని ఆ రోజే చెప్పావు. మిషను గిన్నెలో ఉన్నది కాయ అయితే కత్తి పడుతుంది, చేయి అయితే ఆగుతుంది. "మరి చేయి అంటే ఏందో దానికి ఎట్ల తెలుస్తాది?" అన్నాను. "నువ్వు చూపిస్తే తెలుస్తాది. చేతులు నువ్వు పంపు అక్కా" అన్నావు.

జనవరిలో కాయలు ఉండవు కదా. రంగు వేసిన ప్లాస్టిక్ కాయలు రెండు పెట్టెలు పంపావు. సీజన్లో ఎలా పనిచేస్తారో అలాగే చేయించి వీడియో తీయమన్నావు. నేను పదకొండు మందిని పిలిచాను. వాళ్లు సీజన్లో వచ్చినట్టే వచ్చారు. పసుపు, నూనె రాసుకుని, వేళ్లకు పేలికలు చుట్టుకుని. ఎస్తేరు అందరికన్నా ముందు వచ్చింది. ప్లాస్టిక్ కాయ ఒకటి తీసి వాసన చూసి, "ఇది కోస్తే మీ తమ్ముడే కారతాడేమో అక్కా" అంది. అందరూ నవ్వారు.

నేను ఆ చేతుల వైపు చూశాను. మరకల పేలికలు, దారాలు వేలాడుతున్నాయి. పూణేలో పెద్ద తెర మీద నీ పక్కవాళ్లంతా కూర్చుని వీటిని చూస్తారు, ఇదా మీ అక్క పనిచేసే చోటు అనుకుంటారు అని నాకు తోచింది. తనిఖీ వచ్చినట్టే అయింది నాకు. పేలికలు విప్పమన్నాను. సబ్బుతో చేతులు కడుక్కోమన్నాను.

ఎస్తేరు విప్పలేదు. "సీజన్లో మాదిరే సెయ్యమని గదా నీ తమ్ముడు అన్నాడు? ఇట్లనే గదక్కా మేము సేసేది" అంది.

"నా తమ్ముడి ఆఫీసోళ్లు సూస్తారు ఎస్తేరూ, శుభ్రంగా ఉండనీ" అన్నాను.

ఆమె విప్పి, కడుక్కుని వచ్చింది. మిగతా అందరికన్నా చురుకుగా చేస్తుందని ఆమె చేతుల్నే ఎక్కువసేపు తీశాను. రెండు రోజుల తర్వాత నువ్వు ఫోన్ చేసి, "మీ ఆడోళ్ల చేతులు భలే శుభ్రంగా ఉండాయక్కా, మావాళ్లు మెచ్చుకున్నారు" అన్నావు. నేను ఆ మాటకు పొంగిపోయాను. అప్పుడు చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు.

మే నెలలో నా మనసులో ఏదో మెదిలింది. అందుకే జూన్ మొదటి పది రోజులు వచ్చి పక్కన నిలబడి చూడమని నిన్ను అడిగాను. "అవసరం లేదక్కా. అన్నీ కంప్యూటర్లో చూసేసినాం. ఇప్పుడు నేనొస్తే ఇంకో మిషను పని ఆలస్యమైతాది" అన్నావు. ఎందుకు రమ్మంటున్నానో నేను చెప్పలేదు, నువ్వు అడగలేదు. మిషను వచ్చిన రోజు బొట్టు పెట్టి, పూలు వేసి, కొబ్బరికాయ కొట్టింది నేనే. పదమూడో రోజున ఎస్తేరు గిన్నెలో కాయ సర్దుతుంటే కత్తి పడింది. చేయి అంటే ఏమిటో ఆ మిషను ఆమె చేతుల్ని చూసే నేర్చుకుంది. పసుపు పేలికలతో వచ్చేసరికి ఆ చేతినే కాయ అనుకుంది.

ఇదీ నీ మూడో ప్రశ్నకు జవాబు. మీ అక్క అబద్ధం చెప్పదని నువ్వు గీత గీశావు. ఆ గీత చెరిపేయి.

నిన్న కాణిపాకం నుంచి వచ్చేటప్పుడు ఎస్తేరు వాళ్ల ఊరి దగ్గర బండి ఆపించి దిగిపోయాను. అంతా చెప్పాను. సంతకం సంగతి కూడా. పాల్ లేచి నిలబడ్డాడు.

"పూజలు సేసే మనిషివి గదమ్మా. ఆ సంతకం పెట్టినాక ఏ నోటితో దేవుడి పేరు ఎత్తినావు?" అన్నాడు.

ఎస్తేరు ఒళ్లో ఉన్న కుడిచేతిని ఎడమచేత్తో కప్పుకుంది.

"వీడియో సంగతి నాకు ఆసుపత్రిలోనే తట్టిందక్కా. మిషనుకు నా సేతులు తెలియవు, కడిగిన సేతులే తెలుసు అనుకున్నా. నువ్వొచ్చి సెప్తావని సూస్తా ఉన్నా" అంది. ఆ తర్వాత, "సంతకం సంగతి మాత్రం తెలీదు" అంది.

అంతే. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. లేవబోతుంటే, "పొద్దున్నించి సాపాటు తిన్నావా, చవితి ఉపవాసమా?" అని అడిగింది. ఉపవాసమని చెప్పాను. పాల్ ఆటోలో దించుతానని అనలేదు. అనవలసిన పని కూడా లేదు. నడిచి హైవే మీదికి వచ్చి బస్సెక్కాను.

ఇప్పుడు ఫ్యాక్టరీ సంగతి. మిషను ఆగలేదు. సీజన్ మధ్యలో ఆపితే లారీల్లో కాయ కుళ్లిపోతుందని మీవాళ్లూ జయరావూ కలిసి ఒక దారి కనిపెట్టారు. పేలికలు చుట్టుకున్న వాళ్లను లోపలికి రానివ్వరు. పసుపు కూడా రాసుకోకూడదు. మిషను మారలేదు, చేతులు మార్చారు. మూడు వారాలుగా ఉట్టి చేతులతో చేస్తున్నారు. రుక్మిణమ్మ అరచేతుల్లో తోలు పొరలుగా ఊడుతోంది. నిన్న బండిలో ఇంటి తాళాలు పట్టుకోలేక కొంగుతో పట్టుకుంది. ఎస్తేరు నిలబడిన చోట ఇప్పుడు నిలబడుతున్నది ఆమే. చేతులు మండుతుంటే ఏదో ఒక రోజు ఎవరో ఒకరు దొంగతనంగా పేలిక చుట్టుకుంటారు. ఇరవై రెండేళ్లుగా వాళ్లతో కలిసి దాచినదాన్ని నేనే కదా. నాకు తెలుసు.

కార్మిక శాఖ నుంచి విచారణకు ఆఫీసరు వచ్చే బుధవారం, ఇరవై మూడున వస్తున్నాడు. నేను రాసి పెట్టుకున్నాను. సంతకం అబద్ధమని, పేలికలు వద్దని ఎవరూ చెప్పలేదని, వీడియో నాడు నేనే విప్పించి కడిగించానని. నా పని పోతుంది. పోనీ. మిషను ఆగితే ఈ సీజనుకు నలభై మందికి పని ఉండదు, వాళ్లు నన్ను తిడతారు. ఇవాళ పొద్దున రుక్మిణమ్మకు చెప్పాను. "అయితే మాకు కూడు నువ్వే వండి పెట్టు" అంది. తర్వాత తన రెండు చేతులూ నా ముందు చాచి, "ఇది గూడా రాసుకో" అంది. రాశాను.

మహిత నిన్న సాయంత్రం ఫోన్ చేసింది. "వదినా, ఆయన సరిగా అన్నం తినడం లేదు, మీరే ఏదో ఒకటి చేసి ఆయన్ను బయట పడేయాలి" అని ఏడ్చింది. అమ్మ పోయినప్పుడు నీకు ఆరేళ్లు. అప్పటి నుంచి నీకు దెబ్బ తగలబోతే నా చేయి అడ్డం పెట్టాను. ఈసారి నేను అడ్డం పెట్టింది ఎస్తేరు చేతిని.

కత్తికి మూత ఎందుకు లేదని ఆఫీసరు అడుగుతాడు. అడగకపోయినా చెబుతాను. మూత తీసేయాలన్నది ఎవరి ఆలోచనో, ఎన్ని వారాలు మిగులుతాయని తీశారో నువ్వు నాకు చెప్పినట్టే చెబుతాను. ఈ ఉత్తరం స్పీడుపోస్టులో వేస్తున్నాను, నీకు శుక్రవారానికి అందుతుంది. ఇంకొకరి నోట వినకుండా ముందుగా నా దగ్గరే తెలుసుకోవాలని రాశాను, నిన్ను అడగడానికి కాదు. బుధవారానికి రాగలిగితే రా. వచ్చి నీ మాట నువ్వే చెప్పు, నా మాట నేను చెబుతాను. ముందు ఎస్తేరు ఇంటికి వెళదాం. నువ్వు రాకపోతే నీ పేరు నా నోటి నుంచే వస్తుంది.

ఇట్లు,
నీ మేలు కోరడం ఇప్పటికీ మానని
పెద్దక్క,
ప్రసన్నకుమారి.